ఆలోచించే ముప్పుకు లెక్క కట్టడం ఎలా: భద్రతలో, పర్యావరణ రక్షణలో గేమ్ థియరీ

వరద మనల్ని గమనించదు. గట్టు ఎత్తు పెంచారని తెలుసుకుని అది తన రాకను వాయిదా వేసుకోదు. గిడ్డంగి గోడ దూకాలనుకున్నవాడు వేసుకుంటాడు. రాత్రిపూట శుద్ధి యంత్రాలు ఆపేసి వ్యర్థజలాన్ని నేరుగా ఏటిలోకి వదిలే ఫ్యాక్టరీ కూడా అంతే, అడవిలో ఉచ్చులు పన్నే వేటగాడూ అంతే. వీళ్లంతా ముందు మన కదలికలను చూస్తారు, ఆ తర్వాతే తమ ఎత్తు వేస్తారు.

అయినా చాలా సంస్థల్లో ప్రమాదాల పట్టిక ఒకే తీరుగా కనిపిస్తుంది. ఒక గడిలో జరిగే అవకాశం, పక్క గడిలో నష్టం, రెండూ గుణిస్తే వచ్చేది ప్రాధాన్యం. తుఫానులకు, యంత్రాల అరుగుదలకు ఇది సరిపోతుంది. ఎదుట మనిషి ఉన్నచోట మాత్రం ఆ మొదటి గడిలోని అంకె స్థిరంగా నిలబడదు. అది మన ఏర్పాటును చూశాక అవతలివాడు తీసుకునే నిర్ణయం. ఒకచోట కాపలా పెంచగానే ఆ అంకె అక్కడ తగ్గి మరోచోట పెరుగుతుంది. ఆలోచించే ప్రత్యర్థిని ప్రకృతిలాగా లెక్కగట్టే ఈ తప్పుకు రాజనీతి శాస్త్రవేత్త జార్జ్ త్సెబెలిస్ 1989లో ‘రాబిన్సన్ క్రూసో పొరపాటు’ అని పేరు పెట్టారు. నవలలోని క్రూసో నిర్జన ద్వీపంలో ఒంటరిగా గాలివానతో తలపడే పద్ధతిలో మనిషితో తలపడితే ఓడిపోతాం.

ఒకరి ఎత్తు మరొకరి ఎత్తు మీద ఆధారపడే పరిస్థితులను ఆటలుగా చూసి లెక్కగట్టే పద్ధతే గేమ్ థియరీ; అందులో నిర్ణయం తీసుకునే ప్రతివారూ ఒక ఆటగాడు. అవకాశాన్ని ఊహించి పట్టికలో రాయడం మానేసి, దాన్ని మన ఏర్పాటు నుంచి రాబట్టడం కింది మెట్ల ఉద్దేశం. ఇందులోని గణితం కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలను దాటదు.

మెట్టు 1: ఎదుట ఎవరున్నారో రాయండి

మీ ప్రమాదాల జాబితాను మూడు కుప్పలుగా విడదీయండి. ఆలోచించనివి మొదటి కుప్ప: పిడుగు, తుప్పు, భూకంపం. వీటికి పాత పట్టికే చాలు. ఉద్దేశపూర్వకంగా మనకు హాని చేసేవారు, నిబంధన తప్పేవారు రెండో కుప్ప. మూడో కుప్పను చాలామంది మరచిపోతారు: మనమీద ఏ పగా లేకపోయినా, తమ లాభం తాము చూసుకోవడం వల్ల మనకు ముప్పు తెచ్చేవారు. ఒకే నది నీటిని పంచుకునే రెండు పరిశ్రమలు, ఒకే నెట్‌వర్క్‌కు కలిసిన రెండు కంపెనీలు ఈ కోవలోకి వస్తాయి.

కొన్ని అంశాలను చీల్చాల్సి వస్తుంది. ఆనకట్ట గేటు మొరాయించడం యంత్రం సంగతి. దాని నిర్వహణను ఎవరూ చూడరన్న ధీమాతో వాయిదా వేయడం మనిషి సంగతి. సొంత సిబ్బందిని కూడా ఆటగాళ్లుగానే రాయండి. రాత్రి గస్తీకి వెళ్లే మనిషికి చలి ఉంటుంది, నిద్ర ఉంటుంది, వెలుతురున్న దారి మీద మొగ్గు ఉంటుంది. దీన్ని నేరంగా చూడనక్కరలేదు, కానీ లెక్కలోకి రాకపోతే లెక్కంతా తప్పుతుంది.

ప్రతి ఆటగాడి ఎదుట మూడు విషయాలు రాయండి. అతను ఏమేం చేయగలడు? ముందుగా ఏం చూడగలడు? ఎవరు ముందు కదులుతారు? మూడోది అన్నిటికంటే ముఖ్యం. భద్రతలో సాధారణంగా ముందు కదిలేది మనమే. మన గస్తీ వారాల తరబడి అందరి కళ్ల ముందే తిరుగుతుంది, అవతలివాడు తీరిగ్గా చూసి ఎంచుకుంటాడు. ఇలాంటి నాయక-అనుచర ఆటను మార్కెట్లోని పోటీ విషయంలో జర్మన్ ఆర్థికవేత్త హైన్రిక్ ఫాన్ స్టాకెల్‌బర్గ్ 1934లో వివరించారు. ముందు కదలడం బలహీనతలా తోస్తుంది. నిజానికి అందులో ఒక పైచేయి ఉంది, మూడో మెట్టులో అది అంకెల్లోనే కనిపిస్తుంది.

మెట్టు 2: రెండు వైపులా విలువలు కట్టండి

మన నష్టం ఎంతో అవతలివాడి లాభం అంతే అనుకోవడం ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు. రైల్వే సిగ్నల్ కేబుల్ కోసుకుపోయినవాడికి దక్కేది రాగి తూకం ధర, అవతల ఆగిపోయేది రైళ్ల వరుస. అందుకే రెండు పట్టికలు వేరువేరుగా ఉండాలి. ప్రతి స్థలానికి నాలుగు అంకెలు కావాలి: కాపలా లేనప్పుడు అతనికి లాభం, దొరికినప్పుడు అతనికి నష్టం, కాపలా లేనప్పుడు మనకు నష్టం, కాపలా ఉన్నప్పుడు మనకు మిగిలే నష్టం.

వీటిని డబ్బులో చెప్పమంటే ఎవరూ సరిగా చెప్పలేరు. వేర్వేరు పనులు చేసే నలుగురైదుగురిని విడివిడిగా కూర్చోబెట్టి, ‘ఈ రెండింటిలో ఏది జరిగితే మీరు ఎక్కువ బాధపడతారు, ఎన్ని రెట్లు?’ అని అడగండి. 0 నుంచి 20 దాకా ఒక కొలబద్ద చాలు. జవాబులు కలవని చోట రెండు అంకెలూ ఉంచుకోండి, తర్వాత రెండింటితోనూ లెక్క వేసి చూడవచ్చు. దొరికినప్పుడు జరిగే నష్టం విషయంలో నిజాయితీ అవసరం. చట్టం పుస్తకంలో ఎంత జరిమానా ఉన్నా కేసు ఏళ్ల తరబడి సాగి చివరికి ఎవరూ కట్టకపోతే, ఆ గడిలో రాయాల్సింది సున్నాకు దగ్గరి అంకె.

మెట్టు 3: పాళ్లు తేల్చండి

ఒక నీటి శుద్ధి కేంద్రాన్ని ఊహించుకుందాం. క్లోరిన్ గిడ్డంగి ఒకటి, పంపుహౌస్ ఒకటి, రాత్రికి ఒకే గస్తీ బృందం. గిడ్డంగిలో కాపలా లేనప్పుడు చొరబడితే అతనికి 10 లాభం, మనకు 20 నష్టం. పంపుహౌస్‌లో అయితే అతనికి 5 లాభం, అదనపు పంపులు ఉన్నాయి కాబట్టి మనకు 4 నష్టం. ఎక్కడ దొరికినా అతనికి 5 నష్టం, మనకు నష్టం లేదు.

రోజూ గిడ్డంగి దగ్గరే కాపలా ఉంటే అతను పంపుహౌస్‌కు పోతాడు, మనకు ఖాయంగా 4 నష్టం. సమానంగా చెరి సగం రాత్రులు పంచితే? గిడ్డంగి దగ్గర అతని సగటు లాభం 2.5, పంపుహౌస్ దగ్గర సున్నా. అతను గిడ్డంగికే వస్తాడు, మన సగటు నష్టం 10. న్యాయంగా కనిపించే పంపకమే ఇక్కడ మరింత చెడ్డది. పోనీ, నష్టాల నిష్పత్తిలో, అంటే 20కి 4 చొప్పున నూటికి 83 రాత్రులు గిడ్డంగికి ఇస్తే అతను పంపుహౌస్ ఎంచుకుంటాడు, మన సగటు నష్టం సుమారు 3.3. కొంత నయం.

ఇప్పుడు అతని వైపు నుంచి చూడండి. అతనికి రెండు చోట్లా సమానంగా గిట్టుబాటయ్యే పంపకం ఏది? నూటికి 60 రాత్రులు గిడ్డంగి, 40 రాత్రులు పంపుహౌస్. అప్పుడు రెండు చోట్లా అతని సగటు లాభం సరిగ్గా 1. ఎటు వెళ్లినా అతనికి ఒకటే, మనకు మాత్రం కాదు. గిడ్డంగికి వస్తే మన నష్టం 8, పంపుహౌస్‌కు వెళ్తే 2.4. కాబట్టి ఒక్క రాత్రి అటు జరిపి 61, 39 చేయండి. గిడ్డంగి దగ్గర అతని లాభం 0.85కు దిగుతుంది, పంపుహౌస్ దగ్గర 1.1కు పెరుగుతుంది. అతను తన లాభం కోసమే పంపుహౌస్ వైపు తిరుగుతాడు, మన నష్టం 2.44. ముందు కదిలేవాడికి ఉన్న పైచేయి ఇదే: ఎంపిక అతనిదే అయినా, తూకం ఎటు మొగ్గాలో నిర్ణయించింది మనం.

అయితే మనుషులు ఇంత సన్నని తేడాను గమనించరు. వాళ్లు పొరపాట్లు చేస్తారు, ఆ పొరపాట్లకూ ఒక తీరు ఉంటుందని, లాభం తక్కువున్న ఎంపికను కూడా అప్పుడప్పుడు ఎంచుకుంటారని చెప్పే నమూనాను పరిశోధకులు రిచర్డ్ మెకెల్వీ, థామస్ పాల్‌ఫ్రీ 1995లో రూపొందించారు. కాబట్టి కొంత ఎడం ఉంచాలి. 65, 35 అనుకుంటే గిడ్డంగిలో అతని లాభం 0.25, పంపుహౌస్‌లో 1.5, మన నష్టం 2.6. నేనైతే ఈ పంపకాన్నే ఎంచుకుంటాను. 0.16 అదనంగా పోయినా క్లోరిన్ వైపు ఎవరూ రాకుండా ఉండటం దానికి తగిన బేరం.

ఇదే లెక్క బడ్జెట్ అడగడానికీ పనికొస్తుంది. అతనికి ఎక్కడా లాభం లేకుండా చేయాలంటే గిడ్డంగికి నూటికి 67 రాత్రులు, పంపుహౌస్‌కు 50 రాత్రులు కావాలి. మొత్తం 117. ఒక బృందంతో ఇది సాధ్యం కాదు, సుమారు ఆరు రాత్రులకు ఒకసారి రెండో బృందం కావాలి. లేదా దొరికినప్పుడు అతనికి జరిగే నష్టం 5 నుంచి 7 దాటి కొద్దిగా పెరిగితే ఉన్న ఒక్క బృందమే చాలు. ‘భద్రత పెంచాలి’ అని రాసే వినతికీ ఈ రెండు అంకెలతో వెళ్లే వినతికీ ఉన్న తేడా పై అధికారులకు వెంటనే తెలుస్తుంది.

స్థలాలు పది ఉన్నా పద్ధతి మారదు. అతనికి ఎక్కువ లాభమున్న చోట కాపలా పోస్తూ వెళ్లండి. ఆ లాభం రెండో స్థలంతో సమానమయ్యాక రెండు చోట్లా పోయండి, తర్వాత మూడు చోట్లా. మీ దగ్గరున్న రాత్రులు అయిపోయే దాకా ఇంతే. చివరగా, మీకు ఎక్కువ నష్టమున్న స్థలాల వైపు కాస్త మొగ్గు ఇవ్వండి.

మెట్టు 4: చీటీ తీయండి, వచ్చినదాన్ని పాటించండి

పాళ్లు తేలాక, ఏ రాత్రి ఎక్కడన్నది మనిషి మనసుకు వదలకూడదు. యాదృచ్ఛికంగా ఎంచుకుంటున్నాననుకునే మనిషి నిన్న వెళ్లిన చోటుకు ఇవాళ వెళ్లడు. గమనిస్తున్నవాడికి ఆ ఒక్క అలవాటే చాలు. 20 చీటీలు తీసుకుని 13 మీద గిడ్డంగి, 7 మీద పంపుహౌస్ అని రాయండి. ప్రతి సాయంత్రం ఒకటి తీసి, చూసి, మళ్లీ డబ్బాలో వేయండి. వరుసగా నాలుగు రోజులు గిడ్డంగే వచ్చినా మార్చకండి. ‘ఇది యాదృచ్ఛికంగా అనిపించడం లేదు’ అని మళ్లీ తీయడం మొదలుపెట్టిన రోజే పాత అలవాటు తిరిగొస్తుంది. సెలవులు, విశ్రాంతి వంటి పరిమితులుంటే ముందుగానే వాటికి ఒప్పే వారపు షెడ్యూళ్లన్నీ రాసుకుని, వాటిలోంచి ఒకటి చీటీతో తీయండి.

లాస్ ఏంజెలెస్ అంతర్జాతీయ విమానాశ్రయంలో 2007లో మొదలైన ఆర్మర్ వ్యవస్థ చేసింది ఈ పనినే, పెద్ద ఎత్తున. కంప్యూటర్ శాస్త్రవేత్త మిలింద్ తాంబే బృందం తయారుచేసిన ఆ ప్రోగ్రామ్, విమానాశ్రయానికి వెళ్లే రోడ్ల మీద వాహన తనిఖీ ఎప్పుడు ఎక్కడ పెట్టాలో, జాగిలాల గస్తీ ఏ టెర్మినల్‌కు వెళ్లాలో స్టాకెల్‌బర్గ్ వివరించిన నాయక-అనుచర ఆటను లెక్కగట్టి చెప్పేది. 2011లో అమెరికా కోస్ట్ గార్డ్ బోస్టన్ రేవులో ఇలాంటిదే వాడడం మొదలుపెట్టింది.

చీటీలు తీస్తున్నారన్న సంగతి దాచనక్కరలేదు. పాళ్లు తెలిసినా అతను చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే అతనికి తెలుసనే ఊహతోనే మూడో మెట్టు లెక్క వేశాం. దాచాల్సింది ఇవాళ్టి చీటీ. దాన్ని వీలైనంత ఆలస్యంగా తీయండి, వీలైనంత తక్కువ మందికి చెప్పండి.

ముందే తెలిసిపోతే ఏమవుతుందో పర్యావరణ రంగం స్పష్టంగా చూపించింది. అమెరికాలో కొన్ని గాలి నాణ్యతా కేంద్రాలు ఆరు రోజులకు ఒకసారి, ముందే ప్రకటించిన క్యాలెండర్ ప్రకారం కొలతలు తీసుకునేవి. ఆర్థికవేత్త ఎరిక్ జౌ ఉపగ్రహ సమాచారంతో పోల్చి చూసి, కొలత లేని రోజుల్లో గాలి ఎక్కువ మురికిగా ఉందని 2021లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. రోజే కాదు, పద్ధతి తెలిసిపోయినా అంతే. 2015లో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారంలో, ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల డీజిల్ కార్లలో ప్రయోగశాలలో జరిగే పొగ పరీక్షను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. పరీక్ష అని తెలియగానే కారు శుభ్రంగా నడిచేది. కార్లను రోడ్డు మీద నడిపిస్తూ కొలిచినవారి పని వల్లే ఆ తేడా వెలుగులోకి వచ్చింది. కాబట్టి ‘ఎప్పుడు’తో పాటు ‘ఎలా’ అన్నదాన్నీ చీటీల్లో చేర్చండి: కొన్నిసార్లు గొట్టం చివర నమూనా, కొన్నిసార్లు దిగువ నీటిలో, కొన్నిసార్లు కరెంటు మీటరు చూసి శుద్ధి యంత్రాలు ఎన్ని గంటలు నడిచాయో లెక్క.

మెట్టు 5: నిబంధన తప్పేవాడి గిట్టుబాటును చెడగొట్టండి

శుద్ధి యంత్రాలు ఆపితే ఫ్యాక్టరీకి నెలకు 40 యూనిట్లు మిగులుతాయనుకోండి. దొరికితే జరిమానా 200. పట్టుబడే అవకాశం 20 శాతం దాటితే తప్పు చేయడం గిట్టదు. ఇక్కడ చూడాల్సింది పట్టుబడే అవకాశాన్ని, తనిఖీల సంఖ్యను కాదు. రెండు తనిఖీల్లో ఒక్కదానిలోనే ఉల్లంఘన బయటపడుతుంటే 40 శాతం నెలల్లో తనిఖీ ఉండాలి. పరికరం మెరుగుపరచడం ఒక్కోసారి సిబ్బందిని రెట్టింపు చేయడంతో సమానం. శుద్ధి ఖర్చు సగానికి తగ్గేలా సాయం చేసినా కావాల్సిన అవకాశం 10 శాతానికి పడిపోతుంది.

జరిమానా పెంచితే చాలు కదా? ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని వివరించింది కూడా త్సెబెలిస్సే. తనిఖీ అధికారి ముందుగా ఏ పంపకానికీ కట్టుబడకుండా, అవసరమనిపించినప్పుడే వెళ్తుంటే, జరిమానా పెరిగాక తప్పులు తగ్గుతాయన్న నమ్మకంతో అతనూ తనిఖీలు తగ్గిస్తాడు. చివరికి తనిఖీలు తగ్గుతాయి, తప్పులు మాత్రం పాత స్థాయిలోనే ఉంటాయి. జరిమానా పనిచేయాలంటే తనిఖీల పాళ్లు ముందే ఖరారై, ప్రకటితమై, తప్పులు కనబడకపోయినా కొనసాగాలి. ‘ఏడాదిగా ఏమీ దొరకలేదు, తనిఖీలు తగ్గిద్దాం’ అనే తీర్మానం ఆ ఏడాది కష్టాన్ని చెరిపేస్తుంది.

సిబ్బంది మరీ తక్కువైతే ఆర్థికవేత్త విన్‌స్టన్ హారింగ్టన్ 1988లో విశ్లేషించిన పద్ధతిని చూడండి. ఫ్యాక్టరీలను రెండు జాబితాలు చేయండి. మంచి జాబితాలో ఉన్నవారికి అరుదుగా తనిఖీ. ఒక్కసారి తప్పు దొరికితే రెండో జాబితాలోకి, అక్కడ తరచుగా తనిఖీ, పెద్ద జరిమానా. కొంతకాలం శుభ్రంగా నడిపితే తిరిగి పైకి. రెండో జాబితాలో పడతామన్న భయం, అందులోంచి బయటపడాలన్న కోరిక, జరిమానా చేసే పనికి తోడవుతాయి.

మెట్టు 6: కంచెను కూడా లెక్కలో పెట్టండి

కంచే చేను మేస్తే పై లెక్కలన్నీ వృథా. కాలుష్యం కొలిచే ఆడిటర్‌ను ఆ ఫ్యాక్టరీయే ఎంచుకుని, ఆ ఫ్యాక్టరీయే డబ్బు చెల్లిస్తే, పరిమితికి కాస్త దిగువన ఉండే అంకెలు నివేదికల్లో గుట్టలుగా కనిపిస్తాయి. గుజరాత్‌లో ఆర్థికవేత్తలు ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ రయాన్ రెండేళ్ల పాటు ఒక ప్రయోగం చేసి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఎంపికైన ఫ్యాక్టరీలకు ఆడిటర్లను యాదృచ్ఛికంగా కేటాయించారు, ఉమ్మడి నిధి నుంచి నిర్ణీత రుసుము ఇచ్చారు, కొన్ని కొలతలను వేరే బృందం తిరిగి కొలిచింది, తర్వాత కచ్చితత్వాన్ని బట్టి ప్రోత్సాహకం కూడా చేర్చారు. ఆడిటర్లు నిజం రాయడం పెరిగింది, ఆ ఫ్యాక్టరీల కాలుష్యమూ తగ్గింది. మనుషుల్ని మార్చలేదు, వారి ప్రతిఫలాల పట్టికను మార్చారు. మీ దగ్గరా ఇదే చూడండి: తనిఖీ చేసేవారి జీతం, బదిలీ, పేరు ఎవరి చేతిలో ఉన్నాయి?

మెట్టు 7: పొరుగువారితో ఆడే ఆట

1988 డిసెంబరు 21న స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద పేలిపోయిన పాన్ యామ్ 103 విమానంలోకి బాంబు ఉన్న సూట్‌కేసు మాల్టాలో బయలుదేరి, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లండన్ చేరి ఎక్కిందని కోర్టు తేల్చింది. మొత్తం 270 మంది చనిపోయారు. మన ద్వారం ఎంత గట్టిదైనా మరొకరి ద్వారం గుండా ముప్పు లోపలికి వస్తుంది. పరిశోధకులు హోవార్డ్ కున్‌రూథర్, జెఫ్రీ హీల్ 2003లో ఈ సమస్యనే లెక్కగా మలిచారు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. రక్షణ లేకపోతే మీ తప్పు వల్ల 1000 నష్టం జరిగే అవకాశం పదింట ఒకటి. పొరుగువాడు రక్షణ పెట్టకపోతే అతని నుంచి అదే నష్టం మీకు సోకే అవకాశం మరో పదింట ఒకటి. రక్షణ ఖర్చు 95. పొరుగువాడు పెట్టి ఉంటే మీ రక్షణ 100 నష్టాన్ని తప్పిస్తుంది, పెట్టడం లాభం. అతను పెట్టకపోతే మీ ఆస్తి అతని వల్ల ఎలాగూ పోవచ్చు కాబట్టి మీ రక్షణ విలువ 90కి పడిపోతుంది, పెట్టడం దండగ. ఇద్దరూ పెట్టడం, ఇద్దరూ మానడం, రెండూ స్థిరపడగలవు. ఇక్కడ ఉపదేశాలు పనిచేయవు. ఎవరు పెడితే మిగతావారి లెక్క తిరగబడుతుందో ఆ ఒకరిద్దరికి ముందు సాయం చేయండి. లేదా, పెట్టనివారి సామాను మనం తీసుకోబోమని ప్రకటించండి.

ఓజోన్ పొర విషయంలో జరిగింది ఈ రెండోదే. 1987 నాటి మాంట్రియల్ ప్రొటోకాల్, ఒప్పందంలో చేరని దేశాలతో ఓజోన్‌ను హరించే నియంత్రిత రసాయనాల వ్యాపారాన్ని నిషేధించింది. 1990లో పేద దేశాల మార్పు ఖర్చుకు నిధి కూడా ఏర్పడింది. బయట ఉండటం నష్టం, చేరడం లాభం అయ్యాక చివరికి ప్రపంచ దేశాలన్నీ చేరాయి.

చెరువులు, మేత భూములు, చేపల వేట వంటి ఉమ్మడి వనరుల్లో మాత్రం రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ చూపిన దారే మేలని నా అభిప్రాయం. కాపలా కాసేవారు ఆ వనరు మీద బతికేవారో, వారికి జవాబుదారులో అయినచోట, మొదటి తప్పుకు చిన్న శిక్ష, మళ్లీ మళ్లీ తప్పితే పెద్ద శిక్ష ఉన్నచోట ఉమ్మడి వనరులు దీర్ఘకాలం నిలిచాయని ఆమె అధ్యయనాలు తేల్చాయి. ఈ కృషికే 2009లో ఆమెకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. బయటి అధికారి ఆరు నెలలకు ఒకసారి వచ్చి వేసే భారీ జరిమానా కంటే, రోజూ చూసే పక్కవాడు వేసే చిన్న రుసుమే బలంగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ పట్టుబడే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ.

మెట్టు 8: రికార్డులను సరిగా చదవండి

గస్తీ రికార్డుల్లో ఒక మోసం దాగి ఉంటుంది. వెళ్లిన చోటే ఉచ్చులు దొరుకుతాయి, దొరికిన చోటుకే మళ్లీ వెళ్తారు, వెళ్లని చోటు పట్టికలో సురక్షితంగా కనిపిస్తుంది. ఉగాండాలోని క్వీన్ ఎలిజబెత్ జాతీయ పార్కులో తాంబే బృందం చేసిన క్షేత్ర పరీక్షల్లో, అంతకుముందు గస్తీ తక్కువగా జరిగిన చోట్లకు ఉచ్చులు ఎక్కడ ఉండొచ్చో అంచనా వేసే కంప్యూటర్ మోడల్ చెప్పినట్టు సిబ్బంది వెళ్లి చూస్తే అక్కడా ఉచ్చులు దొరికాయి.

అందుకే మీ 20 చీటీల్లో ఒకటో రెండో ‘ఇప్పటిదాకా వెళ్లని చోటు’ అని ఉండాలి. కొన్ని నెలలకొకసారి, లేదా పెద్ద సంఘటన జరిగిన వెంటనే రెండో మెట్టుకు తిరిగి వెళ్లి అంకెలు సరిచూడండి. రాగి ధర పెరిగితే, కొత్త రోడ్డు పడితే, పక్క సంస్థ కాపలా పెంచితే అవతలివాడి పట్టిక మారిపోతుంది. మీ హద్దు లోపల నేరాలు తగ్గిన నెలలో హద్దు బయట పెరిగాయేమో పొరుగువారిని అడగండి. రిజిస్టరులో సంఘటనల కాలమ్ పక్కనే మరో రెండు కాలమ్‌లు గీయండి: ఆ చోట ఎన్ని గంటలు వెతికారు, వెతికినా ఏమీ దొరకనిది ఎన్నిసార్లు. దొరికిన వాటి సంఖ్యను వెతికిన గంటలతో భాగించి చూశాకే ఒక చోటు ప్రమాదకరమనో సురక్షితమనో రాయండి. ఒక్క గంట కూడా వెతకని చోటు ఎదుట ఏ అంకె వేయకండి, ఖాళీగా వదిలేయండి. వచ్చే వారం చీటీల్లో ముందుగా చేరాల్సిన పేరు అదే.